మా ఇంటి మొద్దు

నా పేరు భూదవ్వ. డెబ్బై దాటాయని ఆధార్ కార్డు అంటున్నది, నా మోకాళ్ళు ఇంకా ఎక్కువే చెప్తున్నాయి. మాది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. ఇంట్లో ఉండేది నేను, మగ్గాల కార్ఖానాకు పోయే నా కొడుకు, బీడీలు చుట్టే నా కోడలు. నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే రాస్తున్నది మా పక్కింటి జ్యోతి, అంగన్‌వాడీ టీచరు. నా మాటను పుస్తకాల్లో ఉండేట్టు సరిచేసి రాస్తానంది. సరే అన్నాను. కానీ మనుషులు అన్న మాటలను మాత్రం అన్నది అన్నట్టే పెట్టమన్నాను. ఎందుకంటే ఈ తగువంతా ఒక్క మాట గురించే.

మా యారాలు పోయింది. యారాలు అంటే మా ఆయన అన్న భార్య. కొందరు తోటికోడలు అంటారు. నేను అక్కా అని పిలిచేదాన్ని. కోరుట్లలో బిడ్డ ఇంట్లో ఉండగా పోయింది. పొద్దున కోడలు నా ముందు చాయ పెట్టిందో లేదో, అక్క వియ్యపురాలి ఫోన్ వచ్చింది. "వదినె, మీ యారాలు ఇడిసిపోయింది. ఎట్లున్నోళ్ళు గట్లనే రాండ్రి" అన్నది. చాయ మీద మీగడ కట్టేదాకా నేను అట్లాగే కూర్చున్నాను. తాగలేదు. పారబోయనూ లేదు.

నేనూ నా కొడుకూ వేములవాడ మీదుగా బస్సులు మారి కోరుట్ల చేరేసరికి, ఆ ఇంటి ముందు కట్టెల బండి ఆగి ఉన్నది. దిగగానే నా కన్ను ఆ కట్టెల మీద పడింది. సగం పచ్చి తుమ్మ. ముడులు ముడులుగా, ఎవరో చేతగాని వాళ్ళు నరికినట్టున్నాయి. మా అక్క బతికి ఉంటే ఆ బండిని వెనక్కి పంపేది. ఆమెను కాల్చే కట్టె కూడా ఆమెకు నచ్చేది కాదు. అది తలచుకునేసరికి నాకు దుఃఖం పొంగింది. లోపలికి పోయి ఆమె మీద పడి ఏడ్చాను. మా దిక్కు ఏడుపంటే ఊరికే కన్నీళ్ళు కార్చడం కాదు, పోయినవాళ్ళు ఏమిటో నలుగురికీ చెప్పి ఏడుస్తాం. నేనూ చెప్పాను.

"ఓ నా మొద్దూ! ఎన్ని దెబ్బలు కాసినవే నా మొద్దూ! పగులకుంట పోతివా నా మొద్దూ! ఇగ నేనేడ నిలవడుదునే!"

అన్నాను. దాచను. ఇప్పుడు కూడా అంటాను.

ఏడ్చేవాళ్ళు ఏడుపు ఆపారు. అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. "పీనుగును వట్టుకొని మొద్దంటున్నదేందే గామె?" అని ఒకామె పక్కామెను అడిగింది. మా అక్క బిడ్డ లేచి వచ్చి నా భుజం పట్టి లాగింది.

"బంద్ జెయ్ చిన్నవ్వా! మా అవ్వ మీద వడి ఏడ్వనచ్చినవా, తిట్టనచ్చినవా?"

"తిట్టెక్కడిదే? మీ అవ్వను..."

"చాలు. మా అత్త నన్ను కాపురానికచ్చిన కాన్నుంచి మొద్దుదానా అన్నది. ఇయ్యాల మా అవ్వను నువ్వంటున్నవ్, గదీ గింతమందిల. దినానికి నువ్వు రాకు. అచ్చినా గడప దాటనియ్య." అక్కడితో ఆగలేదు. "మీ వాకిట్ల మా అవ్వది మొద్దున్నది గదా. దాన్ని తెప్పిస్త. పగులగొట్టి దినం వంటల పొయ్యిల వెడ్త. ఆ మాటనేదే ఇగ నా చెవుల వడొద్దు."

నేను కూడా తక్కువదాన్ని కాదు, నాలుగు మాటలు అనేదాన్నే. కానీ పీనుగు ఇంట్లో ఉండగా తగువేమిటని నా కొడుకు నన్ను బయటికి తెచ్చాడు. మా అక్కను సాగనంపుతుంటే నేను దూరంగా కరెంటు స్తంభం పక్కన నిలబడి చూశాను. ఆమెతో కలిసి ఒక బతుకంతా కట్టెలు కొట్టినదాన్ని, ఆమె మీద ఒక్క కట్టె వేయనివ్వలేదు.

అందుకే ఈ కాగితం. దినానికి వచ్చే వాళ్ళందరికీ ఇది చేరాలి. క్షమించమని రాయించడం లేదు. నేను తప్పు మాట అనలేదు. మా ఇంట్లో ఆ మాటకు అర్థమేమిటో, మా అక్క ఎవరో తెలుసుకోండి. ఆ తర్వాత కూడా నాది తప్పే అనిపిస్తే అప్పుడు అనండి.

మేము కట్టెలు కొట్టి బతికినవాళ్ళం. భూమి లేదు. మా మామ పెళ్ళిళ్ళకు, హోటళ్ళకు, ఇటుక బట్టీలకు దుంగలు చీల్చి ఇచ్చేవాడు. నేను గొల్లపల్లి దిక్కు నుంచి వచ్చినదాన్ని. బీడీలు చుట్టే ఇంట్లో పుట్టాను. కాపురానికి వస్తూ చాట, కత్తెర వెంట తెచ్చుకున్నాను. గొడ్డలి పట్టిన ఆడదాన్ని అంతకుముందు చూసి ఎరుగను. వచ్చిన మర్నాడు మా మామ సానరాయి మీద గొడ్డలి నూరుతూ నన్ను పిలిచాడు.

"పిల్లా, నీకు ఏం అవసరమున్నా నన్నడుగకు, నీ మొగన్ని అసలే అడుగకు. గామెనడుగు. మా ఇంటి మొద్దు గామె."

గామె అంటే మా యారాలు. అక్కడే ఉన్నది, చీల్చిన కట్టెలు పేరుస్తున్నది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. పెద్దకోడలికి తెలివి లేదని ముసలాయన మొహం మీదే అన్నాడు, ఇక ఈ ఇంట్లో నాదే రాజ్యం అనుకున్నాను. నా నవ్వును ఆమె చూసింది. చేయి పట్టుకుని వాకిట్లోకి తీసుకుపోయింది. నేల మీద ఒక వేప కట్టె నిలబెట్టి గొడ్డలి నా చేతికిచ్చింది.

"కొట్టు."

కొట్టాను. కట్టె పగిలింది, గొడ్డలి నేలలోకి దిగింది. రాయి తగిలి నిప్పురవ్వ లేచింది. తీసి చూస్తే అంచు వంగిపోయింది.

"ఏమైంది?" అన్నది.

"మొద్దైంది" అన్నాను, భయపడుతూ. పదును పోయిన గొడ్డలిని మా గొల్లపల్లిలో కూడా మొద్దు అనే అంటారు మరి.

ఆమె ఇంకో గొడ్డలి తెచ్చింది. ఈసారి కట్టెను వాకిట్లో ఉన్న చింతమొద్దు మీద పెట్టింది. నడుము ఎత్తు కూడా ఉండదు, కానీ ఇద్దరు మనుషులు చేతులు చాపి పట్టుకుంటే గానీ చుట్టు అందదు. దాని నెత్తి నిండా అడ్డదిడ్డంగా గాట్లు. కొట్టాను. కట్టె రెండుగా విడిపోయి అటొకటి ఇటొకటి పడింది. గొడ్డలి చింతమొద్దులో వేలెడు దిగి ఆగింది. తీసి చూస్తే అంచు అట్లాగే ఉన్నది.

"సూసినవా? కింద గిది లేకుంటే గొడ్డలి ఒక్క పూటకు ఉండది. ప్రతి దెబ్బ తుదకు దీని మీదనే వడుతది. గిది మొద్దుగ ఉంటెనే గొడ్డలి మొద్దుగాదు." గొడ్డలి నా చేతిలోంచి తీసుకుంటూ అన్నది: "ఇగ నవ్వు."

నేను నవ్వలేదు. ఆనాటి నుంచి ఆమె వెంటే తిరిగాను.

మా పనిలో మొద్దు అంటే అదీ. తెలివి లేనివాడిని మొద్దు అంటారని మాకు తెలియక కాదు. నిద్రకు మొద్దునిద్ర అంటారు, గొడ్డలికి మొద్దు అంటారు, అవన్నీ తిట్లే. కానీ కట్టెలు కొట్టే వాకిట్లో మొద్దు అన్నింటికన్నా పెద్దది. దానికి ఏ కట్టె పడితే ఆ కట్టె పనికిరాదు. ఏ కట్టె ఏ దిక్కు నుంచి కొట్టినా చీలదో, లోపల నారలన్నీ ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయో, దాన్నే మొద్దు చేస్తారు. చీలే కట్టె పొయ్యిలోకి పోతుంది. చీలనిది వాకిట్లో నిలుస్తుంది. మా చింతమొద్దును మా మామ తండ్రి తెచ్చాడట. చీల్చుదామనే తెచ్చాడట. ఇనుప చీలలు దిగగొట్టినా పగలకపోతే, "దీనికి పొయ్యి రాసిపెట్టిలేదు" అని వాకిట్లో నిలబెట్టాడట.

మా అక్క కట్టెను చేతిలోకి తీసుకునే తీరు మీరు చూడాల్సింది. ముందు దాన్ని తిప్పి తిప్పి చూసేది. గొడ్డలి వెనక భాగంతో రెండుసార్లు తట్టి చెవి దగ్గర పెట్టుకునేది. లోపల పుచ్చు ఉంటే చప్పుడు వేరు. ముడి ఉన్న దిక్కును కిందికి పెట్టేది, పైనుంచి వచ్చిన చీలిక ముడి దగ్గరికి చేరేసరికి బలం పుంజుకుంటుందని. నేను మొదట్లో కట్టెలను మొద్దు మీదికి విసిరేదాన్ని. "పడేయకే, కూసుండవెట్టు. ఇంటికచ్చిన మనిషిని గట్లనే నూకుతవా?" అనేది. ఇప్పటికీ నేను ఎవరికైనా పీట వేస్తే ఆ మాటే గుర్తొస్తుంది.

పని అయిపోయాక గొడ్డలిని ఒక్క దెబ్బతో మొద్దులోకి గుచ్చి వదిలేది. దాని పిడి, మేము కామ అంటాం, నిటారుగా నిలబడేది. తర్వాత కొంగుతో మొద్దు మీది పేళ్ళు, పొట్టు తుడిచేది, పిల్లల ముక్కు తుడిచినట్టు. ఎండాకాలం వస్తే గోనెసంచి నీళ్ళలో ముంచి దాని మీద కప్పేది. ఎండకు నెర్రెలు బాస్తుందని. వాడ ఆడవాళ్ళంతా అరుగుల మీద చాటలు పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ నవ్వేవాళ్ళు. "ఏమే, నీ మొద్దుకు చలివెడ్తున్నదా, దుప్పటి కప్పుతున్నవ్?" అని. "మీ మొగండ్లకు కప్పుతలేరా మీరు? గంతకన్న నా మొద్దే నయం, పన్జేస్తది" అనేది. వాడంతా గొల్లుమనేది.

ఆమె నోరు అట్లాంటిది. ఎక్కువ మాట్లాడదు, మాట్లాడితే మాత్రం కట్టె పగిలినట్టే. సిరిసిల్లలో నూలుకు రంగులద్దే ఒక కార్ఖానాలో బాయిలరుకు కట్టెలు కొట్టే పని దొరికింది. అప్పటికి మా బావ, అంటే అక్క భర్త, పోయి, ఆమె కట్టెల పనిని ఒంటిచేత్తో లాక్కొస్తున్నది. మేమిద్దరం గొడ్డళ్ళు భుజాన వేసుకుని పోతే గేటు దగ్గర ఉన్నాయన మమ్మల్ని కిందినుంచి పైదాకా చూశాడు. "మొగోళ్ళు లేరా మీ ఇంట్ల?" అన్నాడు. ఆమె గొడ్డలి దింపి, "ఉన్నరయ్యా. కొట్టేది ఆడో మొగో కట్టెకు తెల్వది గని, నువ్వు జెరంత జరుగు, కట్టెపేడు ఎగిరి నీ మీద వడుతది" అన్నది. ఆయన జరిగాడు. మేము ఆ కార్ఖానాకు ఏళ్ళ తరబడి కట్టెలు కొట్టాం. రంగునీళ్ళు పారే చోటే కొట్టేవాళ్ళం, చేతులకు ఎరుపు, నీలం అంటేవి. ఆ రంగుల చేతులతోనే ఇంటికొచ్చి అన్నం పిసికేవాళ్ళం.

జగిత్యాల పెళ్ళి ముచ్చట చెప్పకపోతే ఈ కాగితం సగమే అవుతుంది. పెద్ద పెళ్ళి. పెద్ద వంట డేగిసాల కింద పెట్టే కట్టెలు కొట్టడానికి మమ్మల్ని పిలిచారు. మొద్దు మేమే తెచ్చుకుంటాం, మందివి మాకు నప్పవు. ట్రాలీలో మా చింతమొద్దును తీసుకుపోయి పందిరి పక్కన దింపారు. పొద్దెక్కేసరికి ఎండ దాని మీదికి వచ్చింది. నేను గట్టిగా అరిచాను: "అక్కా! గా మొద్దును నీడకు జరుపుదాం, ఇద్దరు మొగోళ్ళను పిలువు!"

సరిగ్గా ఆ మొద్దు వెనకాలే పెళ్ళికొడుకు మేనమామ మంచం వేసుకుని కునుకు తీస్తున్నాడు. భారీ మనిషి. దిగ్గున లేచి, "ఎవల్నే మొద్దంటున్నవ్? నన్ను జరుపుతందుకు ఇద్దరు మొగోళ్ళు గావాల్నా?" అని కేకలు. పెళ్ళివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. పని పోయినట్టే అనుకున్నాను. మా అక్క చేతులు జోడించి, "అయ్యా, మీరు గాదు. మీ కన్న బరువైంది ఇంకోటున్నది, గిదో" అని చింతమొద్దును చూపించింది. ఆయన దాన్ని చూశాడు, తన పొట్ట చూసుకున్నాడు, తనే ముందుగా నవ్వాడు. తర్వాత దాన్ని నీడకు జరపడానికి ఆయనే ఒక చేయి వేశాడు.

నవ్వుకునే ముచ్చట అది. నవ్వలేనిది ఒకటుంది. మా ఆయన తాగేవాడు. తాగితే చేయి ఊరుకునేది కాదు. ఒకనాడు సాయంత్రం కట్టె తీసుకుని నా మీదికి వచ్చాడు. మా అక్క పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చి మధ్యలో నిలబడింది. చేతులు అడ్డం పెట్టలేదు, అరవలేదు. ఊరికే నిలబడింది. ఆ దెబ్బ ఆమె భుజం మీద పడింది. నాకు ఆ చప్పుడు ఇప్పటికీ తెలుసు. ఆమె కదలలేదు.

"ఇంకోటి కొట్టు మరిదీ. నేను పగుల్తనా, నీ కట్టె ఇరుగుతదా సూద్దాం" అన్నది.

మా ఆయన కట్టె కింద పడేసి పోయి దిమ్మె మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన తాగడం మానలేదు గానీ ఇంట్లో కట్టె ఎత్తలేదు. పసుపు నూరి ఆమె భుజానికి పట్టిస్తూ నేను ఏడుస్తుంటే, "ఎందుకేడుస్తవే? మామ నన్నేమన్నడో యాదిలేదా?" అన్నది. అంతే అన్నది. ఆ మాటను ఆమె ఎంత విలువగా మోసుకుంటున్నదో నాకు ఆనాడే తెలిసింది. వేరే ఆడవాళ్ళు మెడలో గొలుసును చేత్తో సరిచేసుకున్నట్టు ఆమె ఆ మాటను సరిచూసుకునేది.

ఆమెకు ఒక్కతే బిడ్డ. మా మామ పోయేనాటికి పాలు తాగే పిల్ల. ఆ పిల్లను ఆమె గొడ్డలి దగ్గరికి రానివ్వలేదు. "నా చేతుల తీరు నా బిడ్డకు రావద్దు" అని జగిత్యాలలో హాస్టల్లో వేసి చదివించింది. తర్వాత కోరుట్లలో మంచి సంబంధం, అల్లుడు దుబాయిలో. అందుకని ఆ పిల్లకు కట్టెల వాకిలి తెలియదు. మా వాడలో కూడా గ్యాసు పొయ్యిలు వచ్చాక, మొద్దు అనే మాటకు ఆ అర్థం మా ఇద్దరి నోళ్ళలోనే మిగిలింది. పోయిన వానాకాలంలో ఆయాసం ఎక్కువై బిడ్డ దగ్గరికి పోతూ మా అక్క నాకు అప్పజెప్పింది ఒకటే: "గోనెసంచి తడుపుడు మరువకే." నేను మరవలేదు. కానీ కోరుట్ల నుంచి తిరిగొచ్చాక తడపలేదు. పొయ్యిలో పెట్టేదాన్ని తడిపి ఏం లాభమని సంచిని దులిపి గోడ మీద పడేశాను.

ఇక్కడిదాకా రాసి జ్యోతి చేయి విదిలించుకుంటున్నది. వాకిట్లో ట్రాలీ ఆటో ఆగింది. ఇక మిగిలింది మర్నాడు రాయించాను.

ఆటోలోంచి మా అక్క బిడ్డ దిగింది. నన్ను పలకరించలేదు. వెంట వచ్చిన డ్రైవరును తీసుకుని నేరుగా మొద్దు దగ్గరికి పోయింది. ఇద్దరూ పట్టి చూశారు. అది వెంట్రుకవాసి కూడా కదలలేదు.

"అక్కా, గిది లేవది. ఈన్నే పగులగొట్టి ముక్కలు ఏసుకుపోదాం" అన్నాడు డ్రైవరు.

"గొడ్డలియ్యి చిన్నవ్వా" అన్నది ఆ పిల్ల, నా మొహం చూడకుండా.

జ్యోతి నా చేయి గిచ్చింది, ఇవ్వవద్దని. నేను లోపలికి పోయి మా అక్క గొడ్డలే తెచ్చాను. "ఇగో. మీ అవ్వ గొడ్డలి, మీ అవ్వ మొద్దు. నాకేం హక్కున్నది? కొట్టు."

కొట్టింది. గొడ్డలి పక్కకు జారి నేలను తాకింది. మళ్ళీ ఎత్తింది. చూస్తే కాళ్ళు దగ్గరగా పెట్టుకుని ఉన్నది. తగువు తగువే గానీ నా నోరు ఊరుకోలేదు. "కాళ్ళు ఎడం వెట్టే! తప్పిందంటే మోకాలు వోతది. మీ అవ్వ లేదు మందేసేటందుకు."

కాళ్ళు ఎడం చేసింది. ఈసారి ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. గొడ్డలి మొద్దు నడుమ దిగి నిలిచిపోయింది. లాగింది, రాలేదు. మళ్ళీ లాగింది. కామ పట్టుకుని అట్లాగే నిలబడి ఏడ్చింది. నేను దగ్గరికి పోలేదు. అడిగినప్పుడు పోవాలి.

"మా అవ్వ నీకు చెప్పింది గదా?" అన్నది.

"ఏం చెప్పింది?"

"నేనన్నది. గందుకే నువ్వచ్చి గదే మాట వట్టుకొని ఏడ్చినవ్. నలుగుర్ల నన్ను దెప్పుతందుకు."

"నాకెవలూ ఏం చెప్పలే. ఏమన్నవే?"

గొడ్డలి కామ మీద తల ఆనించి చెప్పింది. "మా అత్త అందరి ముందట మొద్దుదానా అన్నది. మా అవ్వ గోడకానుకొని ఇన్నది. నా దిక్కు ఒక్క మాట అంటదేమోనని సూసిన. అన్లే. నాకు కడుపు మండింది. నేను గాదు, నువ్వే మొద్దువే అవ్వా, ఎవలేమన్నా పడేటి మొద్దువు నువ్వు అన్న. గదే ఆఖరు, నేను ఆమెను కోపంగ అన్నది. వారం తిరగకముందే పోయింది."

"నువ్వట్లంటే ఆమె ఏమన్నది?"

"నవ్వింది."

"ఏందీ?"

"నవ్వింది చిన్నవ్వా. నేను తిడ్తుంటే నోరంత తెరిచి, దగ్గచ్చేదాక నవ్వింది. 'ఎన్కట మా మామ అన్నడు, మళ్ళ ఇయ్యాల నువ్వన్నవ్' అని నా చెయ్యి వట్టుకున్నది. నాకేం సమజ్ గాలే. దిమాక్ పోయిందనుకొని చెయ్యి గుంజుకున్న."

నేను జ్యోతి చేతిలోని కాగితాలు చూపించి అన్నాను: "జ్యోతీ, రాసింది చదువు."

జ్యోతి మొదటి నుంచీ చదివింది. నా పేరు, నా వయసు, చాయ మీద మీగడ, అన్నీ. మా అక్క బిడ్డ మొద్దు అంచున కూర్చుని విన్నది. జగిత్యాల పెళ్ళి దగ్గర డ్రైవరు నవ్వాడు. భుజం మీద దెబ్బ దగ్గర ఆ పిల్ల తన భుజం తడుముకున్నది. ఆ వెంటనే మా అక్క మామ మాటను తలచుకున్న దగ్గర చేయెత్తి ఆపింది. "మళ్ళ చదువక్కా" అన్నది. జ్యోతి మళ్ళీ చదివింది.

"అయితే నేనన్నది..." అని ఆగింది.

"ఆమెకు నువ్వు ఇయ్యగలిగినంత పెద్ద మాట ఇచ్చినవే" అన్నాను. "తెల్వక ఇచ్చినవ్. ఆమె మాత్రం తెలిసే తీసుకున్నది. నవ్వుకుంట పోయింది."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని లేచింది. "మా అత్తకు గూడ గీ కాగితం చదివి ఇనిపియ్యాలె. ఇగ మొద్దుదానా అంటే ఓ అని పలుకుత" అన్నది. గొడ్డలిని ఇంకోసారి లాగబోతే నేను వద్దన్నాను. "ఉండనియ్. పని అయినంక మీ అవ్వ గూడ గట్లనే గుచ్చిపెట్టేది."

అప్పుడు చూసింది. ఇన్నాళ్ళూ సంచి లేక మొద్దు ఒక పక్క సన్నగా నెర్రె బాసింది. వేలు పెట్టి దాని పొడవునా రాసింది. "ఆ గోనెసంచి ఏది చిన్నవ్వా?" అని అడిగింది. నేను గోడ దిక్కు చూపించాను.

దినం నాడు ఈ కాగితం తనే చదువుతానన్నది. నేను గడప దాటి లోపలికి వచ్చి కూర్చున్న తర్వాతే మొదలుపెడుతుందట. వంటకు కట్టెలు నేనే కొట్టాలట, పచ్చి తుమ్మ వద్దట. ట్రాలీ ఆటో ఖాళీగానే కోరుట్ల పోయింది.

ఆ పిల్ల పోయాక నేను వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను. ఆ పిల్లే సంచిని తడిపి మొద్దు మీద కప్పి, గొడ్డలి కామ చుట్టూ పిల్లకు మెడ దాకా దుప్పటి కప్పినట్టు సర్ది పోయింది. సంచి అంచుల నుంచి నీళ్ళు జారుతున్నాయి. పాత గాట్లలోకి దిగి, ఒక గాటు నిండితే ఇంకో గాటులోకి మళ్ళి, తుదకు ఆ పిల్ల కొట్టిన కొత్త గాటు దగ్గరికి వచ్చి అక్కడ ఆగి, మెల్లగా లోపలికి ఇంకుతున్నాయి.

ఇది నేను చెప్పగా రాసినది, చదివి వినిపించగా ఒప్పుకున్నది. బొటనవేలి గీతలు గొడ్డలి కామకు అరిగిపోయాయి, ముద్ర సరిగ్గా పడదు. అందుకని మొద్దు మీది గాట్ల లాగా అడ్డంగా ఒకటి, దాని మీద ఏటవాలుగా ఒకటి గీత గీశాను. ఇదే నా నిశాని.

భూదవ్వ, తంగళ్ళపల్లి

సాక్షులు:
జ్యోతి, రాసినామె, పక్కిల్లు
మల్లేశం, ట్రాలీ ఆటో నడిపినాయన
స్వరూప, కోరుట్ల, మొద్దు బిడ్డ